‘ఒప్పుకున్నాడట కదా!’

(మహిళా కార్యకర్తల సమావేశంలో ‘ద కన్ఫెషన్’ సినిమా ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగ పాఠం)



రెండుంపావు గంటల సినిమా. పాటల్లేవు, ఫైటింగుల్లేవు. సగానికి పైగా నాలుగు గోడల మధ్యే నడుస్తుంది. అయినా మీరెవరూ మధ్యలో లేచి వెళ్లలేదు. లైట్లు వేశాక వెనక వరసలో కూచున్న ఒకమ్మాయి పక్కనున్న ఆమెని అడగడం నా చెవిన పడింది. ‘‘ఏ తప్పూ చెయ్యనివాడు ఎందుకు ఒప్పుకున్నాడక్కా?’’ అని.

మంచి ప్రశ్న. సినిమా అంతా దానికి జవాబే. కానీ దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. ఆయన ఒప్పుకుంటే, విన్నవాళ్లు ఎందుకు నమ్మారు? మరీ ముఖ్యంగా, ఆయన భార్య ఎందుకు నమ్మింది? ఈరోజు నేను ఈ రెండో ప్రశ్న గురించే ఎక్కువగా మాట్లాడదామనుకుంటున్నాను. ఎందుకంటే చీకటి కొట్లో కూచుని సంతకం పెట్టాల్సిన గతి మనలో చాలామందికి పట్టకపోవచ్చు. కానీ బయట నిలబడి ‘‘ఒప్పుకున్నాడట’’, ‘‘ఒప్పుకుందట’’ అన్న మాట వినాల్సిన సందర్భం మాత్రం మనందరికీ వస్తుంది. ఆ మాట విన్నాక మనం ఏం చేస్తాం అన్నదే మన పరీక్ష.

ఇది కథ కాదు

సినిమాలో గెరార్డ్ అన్న పేరుతో కనిపించిన మనిషి అసలు పేరు ఆర్తూర్ లండన్. చెకోస్లోవేకియాలో యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్న వయసులోనే కమ్యూనిస్టు అయ్యాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టులకి వ్యతిరేకంగా పోరాడడానికి వెళ్లాడు. ఫ్రాన్సుని నాజీలు ఆక్రమించినప్పుడు అక్కడి రహస్య ప్రతిఘటనలో పని చేశాడు. పట్టుబడి మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడ్డాడు. యుద్ధం తర్వాత తన దేశంలో తన పార్టీ అధికారంలోకి వచ్చింది. ఆయన విదేశాంగ శాఖ ఉపమంత్రి అయ్యాడు. 1951 జనవరిలో ఆ ప్రభుత్వమే ఆయన్ని నడివీధిలో ఎత్తుకుపోయింది.

1952 నవంబర్ 20 నుంచి 27 వరకు ప్రాగ్‌లో విచారణ జరిగింది. చరిత్రలో దాన్ని స్లాన్‌స్కీ విచారణ అంటారు. మొదటి ముద్దాయి రుడోల్ఫ్ స్లాన్‌స్కీ ఎవరనుకున్నారు? అదే కమ్యూనిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శిగా ఉన్నవాడు. మొత్తం 14 మంది ముద్దాయిలు. అందులో 11 మంది యూదులు. అభియోగ పత్రంలో వాళ్ల పేర్ల పక్కన ఆ మాట ప్రత్యేకంగా రాశారు. పద్నాలుగు మందీ నేరం ఒప్పుకున్నారు. 11 మందిని డిసెంబర్ 3న ఉరి తీశారు. ముగ్గురికి యావజ్జీవ శిక్ష పడింది. ఆ ముగ్గురిలో ఒకడు లండన్. 1953లో స్టాలిన్ చనిపోయాక కొన్నేళ్లకి ఆయన బయటికొచ్చాడు. ఆ కుట్ర అసలు జరగనే లేదని, శిక్షలన్నీ చెల్లవని 1963లో ఆ దేశమే ఒప్పుకుంది. ఉరి తీసిన పదకొండేళ్లకి!

1968లో లండన్ తన అనుభవాన్ని ఫ్రెంచిలో పుస్తకంగా వేశాడు. 1970లో కోస్టా గావ్రాస్ దాన్ని సినిమాగా తీశాడు. స్క్రీన్‌ప్లే రాసిన హొర్హె సెంప్రూన్ కూడా నాజీ శిబిరం చూసినవాడే. స్పెయిన్ కమ్యూనిస్టు పార్టీలో పనిచేసి, బహిష్కరణకి గురైనవాడు. గెరార్డ్‌గా వేసిన ఈవ్ మోంటాన్, ఆయన భార్య లీజ్‌గా వేసిన సిమోన్ సిన్యోరే నిజ జీవితంలో కూడా భార్యాభర్తలే. ఇద్దరూ చాలా ఏళ్లు వామపక్షం పక్కన నిలబడినవాళ్లు. అంటే ఈ సినిమా తీసినవాళ్లెవరూ అవతలి గట్టు మీద నుంచి రాళ్లు విసరలేదు.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఈ సినిమా వేద్దామనుకున్నప్పుడు మన మిత్రురాలు ఒకామె అభ్యంతరం చెప్పింది. ‘‘అసలే ఎర్రజెండా అంటే పడనివాళ్లు ఎక్కువయ్యారు. వాళ్ల చేతికి మనమే కర్ర అందించడం ఎందుకు?’’ అంది. ఆమె బాధ నాకు అర్థమైంది. కానీ ఇదే కోస్టా గావ్రాస్ దీనికి ముందు 1969లో తీసిన ‘జెడ్’ సినిమా గ్రీసులో మితవాదులు చేసిన రాజకీయ హత్య గురించి. తర్వాత 1982లో తీసిన ‘మిస్సింగ్’ చిలీలో సైనిక కుట్ర గురించి. లాకప్ గోడకి రంగుండదు. లోపల పడ్డవాడికి బయట ఏ జెండా ఎగురుతోందో కనిపించదు. హక్కుల గురించి మాట్లాడే మనం జెండా చూసి నోరు విప్పుతామా, మనిషిని చూసి విప్పుతామా అన్నది మనమే తేల్చుకోవాలి.

ఒక మాట మార్చితే చాలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఎలా ఒప్పించారు?

మీరు చూశారు. సినిమాలో గోళ్లు పీకడాలు, కరెంటు షాకులు కనబడవు. ఉన్నవి ఏమిటి? కళ్లకి గంతలు. నిద్ర లేకపోవడం. ‘‘నడువు, నడువు’’ అంటూ కొట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి రాత్రీ పగలూ నడిపించడం. కూలబడితే లేపి మళ్లీ నడిపించడం. ప్రశ్నించేవాళ్లు వంతులవారీగా మారుతుంటారు. జవాబు చెప్పేవాడు మాత్రం ఒక్కడే. వాళ్లు ఇంటికెళ్లి భోంచేసి, పడుకుని, స్నానం చేసి వస్తారు. వీడు అక్కడే ఉంటాడు. వారాల తరబడి నిద్ర లేని మనిషికి ఏది జరిగిందో, ఏది తను ఊహించుకున్నాడో తేడా తెలియకుండా పోతుంది. సంతకం పెడితే పడుకోనిస్తామంటారు. ఆ క్షణంలో ఉరికంబం చాలా దూరంగా కనిపిస్తుంది. నిద్ర చాలా దగ్గరగా కనిపిస్తుంది.

అయితే సినిమాలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ నడక కాదు. కాగితం. ప్రశ్నించే అధికారి కొహోతెక్ అరవడు, కొట్టడు. కూచోబెట్టి వాక్యాలు సరిచేస్తాడు. ఉదాహరణకి నోయెల్ ఫీల్డ్ అనే అమెరికన్ ఒకడున్నాడు. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లకి సహాయం చేసే సంస్థలో పనిచేశాడు. క్షయతో బాధపడుతున్న లండన్‌కి వైద్యం కోసం ఆయన ద్వారా కొంత సహాయం అందింది. ఇది నిజం. తర్వాత ఆ ఫీల్డ్ గూఢచారి అని ముద్ర వేశారు. ఇక ‘ఫీల్డ్‌ని కలిశాను’ అన్న వాక్యం ‘గూఢచారి ఫీల్డ్‌తో సంబంధం పెట్టుకున్నాను’ అయింది. స్పెయిన్‌లో కలిసి పోరాడినవాళ్లు ‘ట్రాట్‌స్కీయిస్టు ముఠా’ అయ్యారు. ఒక్కొక్క మాటే మారింది. ఒక్కొక్క మార్పూ చూస్తే చిన్నదే. ‘‘ఫీల్డ్‌ని కలిసిన మాట నిజమే కదా? ఫీల్డ్ గూఢచారి అని తేలింది కదా? మరి ఇలా రాస్తే తప్పేముంది?’’ అంటారు. చివరికి చూస్తే నూరు పేజీల దేశద్రోహం తయారై ఉంటుంది. కింద సంతకం తనదే.

దానికి తోడు ఇంకో ఆయుధం ఉంది. అది నమ్మకం. ‘‘పార్టీ నిన్ను అడుగుతోంది. ఒప్పుకోవడమే పార్టీకి నువ్వు చెయ్యగలిగిన చివరి సేవ’’ అన్న వాదన. జీవితమంతా పార్టీ మాటని తలకెత్తుకున్న మనిషి మీద ఈ వాదన దెబ్బల కంటే బాగా పనిచేస్తుంది. శత్రువు చేతిలో చిక్కితే మౌనంగా ఎలా ఉండాలో ఆయనకి తెలుసు. నాజీల దగ్గర ఉన్నాడు కూడా. తనవాళ్లే శత్రువులైతే ఎలా ఉండాలో ఎవరూ నేర్పలేదు.

విచారణకి ముందు జవాబులు పాఠంలా బట్టీ పట్టించడం చూశారు. బాగా తిండి పెట్టి, ముఖానికి ఎండ తగిలిన రంగు రావడానికి ప్రత్యేకమైన దీపం కింద కూచోబెట్టడం చూశారు. కోర్టులో ఒక ముద్దాయి ప్యాంటు జారిపోతే అందరూ నవ్వడం కూడా చూశారు. చిక్కి సగమైన ఒళ్లు అది. జడ్జీలూ నవ్వారు, ముద్దాయిలూ నవ్వారు. ఆ నవ్వు తర్వాత ఉరిశిక్షలు.

ఇంత ఖర్చు, ఇంత శ్రమ దేనికి? నిశ్శబ్దంగా కాల్చి పారెయ్యలేరా? పారెయ్యగలరు. కానీ వాళ్లకి కావలసింది శవాలు కాదు. రేడియో ముందు కూచున్న జనం కావాలి. నేరాంగీకారం జడ్జి కోసం తయారు చేసింది కాదు. జడ్జి చేతిలో తీర్పు ముందే ఉంది. అది బయటివాళ్ల కోసం తయారైంది. అంటే భార్యల కోసం, పిల్లల కోసం, స్నేహితుల కోసం, మన కోసం.

లీజ్ రాసిన ఉత్తరం

లీజ్ గురించి తెలిస్తే ఆమె అమాయకురాలని, లోకం తెలియని ఇల్లాలని ఎవరూ అనలేరు. ఫ్రాన్సులో స్పానిష్ వలస కుటుంబంలో పుట్టింది. 1942 ఆగస్టు 1న, నాజీల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో, డాగేర్ వీధిలో స్త్రీల నిరసనకి నాయకత్వం వహించి జనం ముందు నిలబడి మాట్లాడింది. పట్టుబడినప్పుడు గర్భిణి. జైల్లోనే బిడ్డని కంది. తర్వాత రావెన్స్‌బ్రూక్ స్త్రీల శిబిరానికి పంపారు. అక్కడినుంచి బతికొచ్చింది.

అలాంటి మనిషి, భర్తని అరెస్టు చేసినప్పుడు ఆయన నిర్దోషి అనే నమ్మింది. ఉద్యోగం పోయింది. ఫ్యాక్టరీలో కార్మికురాలిగా చేరింది. పిల్లల్ని, ముసలి తల్లిదండ్రుల్ని పోషించింది. దాదాపు రెండేళ్లు ఎదురుచూసింది. 1952 నవంబర్‌లో రేడియోలో భర్త గొంతు వినబడింది. ‘నేను ద్రోహిని’ అంటున్నాడు. గొంతు ఆయనదే. మాటలు స్పష్టంగా ఉన్నాయి.

ఆమె నమ్మింది. ద్రోహులకి తగిన శిక్ష పడాలని కోరుతూ ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం పత్రికల్లో అచ్చయింది. ఇంకో ముద్దాయి కొడుకు, పదహారేళ్లు దాటీ దాటని కుర్రాడు, తండ్రికి మరణశిక్ష వెయ్యమని రాసిన ఉత్తరం కూడా అచ్చయింది.

లీజ్‌ని తప్పు పట్టడం తేలిక. సినిమా మాత్రం ఆమెని తప్పు పట్టదు. సిన్యోరే ముఖం గుర్తు తెచ్చుకోండి. భర్తని వదిలేస్తున్న స్త్రీ ముఖం కాదది. ఆమె ముందు రెండే దారులున్నాయి. భర్త అబద్ధం చెప్పాడని నమ్మాలి, లేదా తను జీవితమంతా ఏ పార్టీ కోసం జైళ్లకి వెళ్లిందో ఆ పార్టీ అబద్ధం చెప్పిందని నమ్మాలి. రెండో అబద్ధం ఆమె ఊహకి అందనంత పెద్దది. అందుకే మొదటిది నమ్మింది. తర్వాత జైల్లో భర్తని కలిసినప్పుడు నిజం తెలిసింది. ఆ రోజు నుంచీ ఆయన పక్కనే నిలబడింది. ఆయన 1986లో చనిపోయాడు. ఆమె 96 ఏళ్లు బతికి 2012లో చనిపోయింది.

హెదా విన్న గొంతు

అదే విచారణలో ఇంకో ముద్దాయి భార్య గురించి సినిమా చెప్పదు. అందుకని నేను చెబుతాను.

ఆమె పేరు హెదా మర్గోలియస్. ప్రాగ్‌లోనే పుట్టింది. ఆష్విట్జ్‌కి పంపబడింది. 1945లో ఖైదీల్ని నడిపించుకుపోతుంటే దారిలో తప్పించుకుని ప్రాగ్ చేరింది. పాత స్నేహితులు కొందరు ఆమెకి తలుపు తియ్యడానికి కూడా భయపడ్డారు. భర్త రుడోల్ఫ్ మర్గోలియస్ కూడా శిబిరాల నుంచి బతికొచ్చినవాడే. విదేశీ వ్యాపార శాఖ ఉపమంత్రిగా ఉండగా 1952 జనవరిలో అరెస్టు చేశారు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఉరి తీశారు.

విచారణ రోజుల్లో హెదా జబ్బుపడి ఆస్పత్రిలో ఉంది. ఆమె కూడా భర్త మాటలు రేడియోలోనే విన్నది. లీజ్ విన్నదీ అదే విచారణ, అదే రేడియో. కానీ హెదాకి అర్థమైంది ఏమిటంటే, ఆ మాట్లాడేది తన భర్త కాదని. నోరు ఆయనదే, పాఠం వాళ్లది. అప్పజెబుతున్నట్టు ఉంది.

ఒకామె నమ్మింది, ఒకామె నమ్మలేదు. ఎందుకు? ఒకామె తెలివైనది, ఇంకొకామె కాదు అని కాదు. నాకు అనిపించేది ఇది. హెదాకి పార్టీ మీద మొదటినుంచీ భర్తకున్నంత నమ్మకం లేదు. అందుకని ఆమె మాటలు వినలేదు, మనిషిని విన్నది. లీజ్ మాటల్ని విన్నది.

నమ్మకపోయినందుకు హెదా భారీ మూల్యమే చెల్లించింది. ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, చేతిలో చిన్న పిల్లాడు. ద్రోహి పెళ్లానికి ఎవరు పనిస్తారు? తెలిసినవాళ్లు ఎదురుపడితే రోడ్డుకి అవతలి పక్కకి తప్పుకునేవాళ్లు. వాళ్లందరూ దుర్మార్గులు కారు. ‘ఒప్పుకున్నాడట కదా’ అన్న ఒక్క మాట చాలింది వాళ్లకి. ఉరితీసినవాళ్ల బూడిదని కుటుంబాలకి కూడా ఇవ్వలేదు. ప్రాగ్ బయట మంచుపట్టిన రోడ్డు మీద చల్లేశారు. సినిమాలో మీరు చూసిన ఆ దృశ్యం కల్పన కాదు.

మిలాదా, ఆమెపై వాదించిన స్త్రీ

మన పత్రిక స్త్రీలది కనక ఇంకొకామెని తలుచుకోకుండా ముందుకి పోలేం. స్లాన్‌స్కీ విచారణకి రెండేళ్ల ముందు, 1950లో, మిలాదా హొరాకోవాని ఉరితీశారు. ఆమె లాయరు. చెకోస్లోవేకియా మహిళా ఉద్యమంలో, స్త్రీల సమాన హక్కుల చట్టాల కోసం పనిచేసిన మనిషి. నాజీలు ఆమెని ఐదేళ్లు జైళ్లలో పెట్టారు. తర్వాత పార్లమెంటు సభ్యురాలైంది. 1948లో కమ్యూనిస్టులు అధికారం మొత్తం చేజిక్కించుకున్నాక రాజీనామా చేసింది. 1949లో అరెస్టు చేశారు. ఆమెతో కలిపి మొత్తం 13 మంది మీద కుట్ర కేసు పెట్టారు. నలుగురికి మరణశిక్ష పడింది.

ఆమెకీ పాఠం రాసిచ్చారు. కానీ ఆమె దాన్ని పూర్తిగా అప్పజెప్పలేదు. కోర్టులో నిలబడి తన నమ్మకాలు తనవేనని చెప్పింది. ఐన్‌స్టయిన్, ఎలినార్ రూజ్‌వెల్ట్ లాంటివాళ్లు క్షమాభిక్ష అడిగారు. లాభం లేకపోయింది. ఫ్యాక్టరీల నుంచి, ఆఫీసుల నుంచి ఆమెకి కఠిన శిక్ష వెయ్యమని వేల తీర్మానాలు వచ్చాయి. చేతులెత్తినవాళ్లలో ఆమె ఎవరి హక్కుల కోసం పనిచేసిందో ఆ స్త్రీలు కూడా ఉన్నారు. జూన్ 27న ఉరితీశారు. ఆఖరి రాత్రి ఇంటివాళ్లకి రాసిన ఉత్తరాలు 1990లో గానీ వాళ్ల చేతికి అందలేదు.

ఆమె మీద వాదించిన ప్రాసిక్యూటర్లలో ఒక యువతి ఉంది. లుద్మిలా బ్రోజోవా. కార్మికవర్గం నుంచి వచ్చి, త్వరత్వరగా తర్ఫీదిచ్చి ఆ పదవిలో కూచోబెట్టిన మనిషి. యాభై ఏళ్లు దాటాక, ఎనభై ఏడో పడిలో, ఆమెకి ఈ కేసులోనే ఆరేళ్ల జైలుశిక్ష పడింది. 2010లో క్షమాభిక్ష మీద విడుదలైంది. పదవుల్లోకి స్త్రీలు రావాలని మనం అడుగుతాం. అడగాలి కూడా. కానీ కుర్చీలో స్త్రీ కూచున్నంత మాత్రాన ఆ కుర్చీ కింద నలిగేది ఎవరో చూడడం మానెయ్యకూడదు.

నేను వెనక్కి వచ్చేసిన రోజు

ఇంతసేపూ ఎక్కడో యూరప్ సంగతి చెప్పాను. ఇప్పుడు నా సంగతి చెబుతాను. చెప్పాలని అనుకోకుండానే వచ్చాను గానీ, సినిమా మళ్లీ చూశాక చెప్పకపోతే తప్పనిపించింది.

చాలా ఏళ్ల కిందటి మాట. మా వీధిలో నాలుగిళ్లలో పాచిపని చేసే ఒకామె ఉండేది. పేరు అక్కర్లేదు. ఒకరింట్లో బంగారు గొలుసు పోయింది. ఆమెని ఠాణాకి తీసుకెళ్లారు. కబురు తెలిసి మేం నలుగురం సంఘం తరఫున వెళ్లాం. గంటన్నర కూచోబెట్టారు. చివరికి అక్కడి అధికారి వచ్చి, చాలా మర్యాదగానే, ‘‘మీరు చదువుకున్నవాళ్లు, మీకెందుకమ్మా ఈ గొడవ? ఆమె ఒప్పుకుంది’’ అన్నాడు.

మేం ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నాం. మాలో ఎవరూ ‘‘ఎవరి ముందు ఒప్పుకుంది? మేం ఆమెని చూడాలి’’ అనలేదు. ‘ఒప్పుకుందట కదా, ఇంక మనం ఏం మాట్లాడతాం’ అనుకుంటూ ఇంటికొచ్చేశాం. నిజం చెప్పాలంటే నాకు ఆమె మీద కోపం కూడా వచ్చింది. మన పరువు తీసిందే అని.

పదిరోజులకి గొలుసు ఆ ఇంట్లోనే బీరువాలో, పట్టుచీర మడతలో దొరికింది. ఆమె బయటికొచ్చింది. నేను వెళ్లి కలిశాను. ఆమె నన్ను తిట్టలేదు. ఇంతే అంది: ‘‘మీరొచ్చారని చెప్పారమ్మా. ఎల్లిపోయారని గూడా చెప్పారు. అప్పుడేశానమ్మా ఏలిముద్ర.’’

అంటే ఆ అధికారి మాతో ‘ఒప్పుకుంది’ అన్నప్పటికి ఆమె ఇంకా ఒప్పుకోలేదు. మేం నమ్మి వెనక్కి తిరిగాకే, ఇక తనకంటూ ఎవరూ లేరని తెలిశాకే ఒప్పుకుంది. లీజ్ తన ఉత్తరం రాసేముందు రెండేళ్లు ఎదురుచూసింది. మేం గంటన్నర ఆగాం.

చట్టం ఏమంటుంది

విచిత్రం ఏమిటంటే, మనం నమ్మే ఈ మాటని మన చట్టమే నమ్మదు. 1872లో తెల్లవాళ్లు రాసిన సాక్ష్య చట్టంలోనే 25వ సెక్షను ఉంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం ముద్దాయికి వ్యతిరేకంగా సాక్ష్యం కాదు. 26వ సెక్షను ప్రకారం పోలీసు నిర్బంధంలో ఉండగా చేసింది కూడా, మేజిస్ట్రేటు సమక్షంలో అయితే తప్ప, చెల్లదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఇవి 23వ సెక్షనులో ఉన్నాయి. చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే అంతవరకు పనికొస్తుందన్న పాత 27వ సెక్షను మినహాయింపూ అక్కడే ఉంది. కేసులు చూసేవాళ్లు ఈ మినహాయింపు మీద ఒక కన్నేసి ఉంచాలి. ఎవరినీ తనకి వ్యతిరేకంగా తను సాక్ష్యమివ్వమని బలవంతం చెయ్యరాదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతుంది.

ఈ గోడకి రాజ్యమే కన్నం పెట్టింది. టాడా చట్టం 15వ సెక్షను, తర్వాత 2002 నాటి పోటా 32వ సెక్షను ఎస్.పి. స్థాయి పోలీసు అధికారి నమోదు చేసిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. టాడా 1995లో గడువు తీరి పోయింది. పోటాని 2004లో రద్దు చేశారు. కానీ ఆ వాంగ్మూలాల మీద పడిన శిక్షలు మిగిలాయి. రాజీవ్ గాంధీ హత్య కేసులో పేరరివాళన్ వాంగ్మూలం నమోదు చేసిన సి.బి.ఐ. అధికారి, రిటైరయ్యాక, 2013లో ఏం చెప్పాడో గుర్తు చేసుకోండి. తను కొనిచ్చిన బ్యాటరీలు దేనికో తనకి తెలియదని ఆ కుర్రాడు చెప్పిన మాటని తను రాయలేదని చెప్పాడు. ఒక్క వాక్యం వదిలెయ్యడం! కొహోతెక్ వాక్యాలు మార్చాడు, ఇక్కడ ఒక వాక్యం రాయలేదు. పందొమ్మిదేళ్ల కుర్రాడిగా లోపలికెళ్లినవాడు 2022లో బయటికొచ్చాడు. ఆ ముప్పై ఏళ్లూ ఆయన తల్లి అర్పుదమ్మాళ్ జైలు గేటుకీ, కోర్టుకీ, సభలకీ తిరుగుతూనే ఉంది. కొడుకు ‘ఒప్పుకున్నాడ’న్న కాగితాన్ని ఆమె ఒక్కరోజు కూడా నమ్మలేదు.

కోర్టులూ ఠాణాలే కాదు. మన పల్లెల్లో చేతబడి చేశావని ఒక ముసలామెని చెట్టుకి కట్టేసి ‘‘ఒప్పుకో’’ అంటారు. రచ్చబండ దగ్గర ‘‘తప్పయిందని ఒప్పుకో, వదిలేస్తాం’’ అంటారు. ఆమె ఒప్పుకుంటుంది. తర్వాత ఊరంతా ‘‘ఆమే ఒప్పుకుంది కదా’’ అంటుంది. ప్రాగ్‌కీ మన ఊరికీ భాషలో తప్ప తేడా లేదు.

అందుకని ఈసారి ఎవరైనా ‘‘ఆమె ఒప్పుకుంది’’ అంటే మనం వెనక్కి తిరగొద్దు. అడుగుదాం. ఎక్కడ ఒప్పుకుంది? ఎన్నో రోజున? అరెస్టయిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకి తీసుకెళ్లారా? లాయరుని కలవనిచ్చారా? ఎవరు రాశారు, ఏ భాషలో రాశారు, ఆమెకి చదివి వినిపించారా? 1996 నాటి డి.కె. బసు తీర్పు ప్రకారం అరెస్టు మెమో రాశారా, ఇంటివాళ్లకి కబురు చేశారా, 48 గంటలకోసారి డాక్టరుకి చూపించారా? ఆమెని ప్రొద్దు కుంకాక తీసుకెళ్లారా? ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకి ఉచిత న్యాయసహాయం హక్కుగా వస్తుందని ఆమెకి చెప్పారా? ఇవి గట్టిగా అరిచి అడగాల్సిన ప్రశ్నలు కావు. కాగితం, పెన్ను పట్టుకుని, కూచుని, మెల్లిగా అడగాల్సినవి. అన్నిటికన్నా ముఖ్యం, మర్నాడు మళ్లీ వెళ్లడం. మనం మళ్లీ వచ్చామన్న సంగతి లోపలున్న మనిషికి తెలియడం.

సినిమా చివర్లో గెరార్డ్‌కి వీధిలో కొహోతెక్ ఎదురుపడతాడు. అతను కూడా మధ్యలో జైలుకెళ్లొచ్చాడు. పాత స్నేహితుడిలా పలకరిస్తాడు. మనకి ఇదంతా ఎలా జరిగిందో అర్థమవుతోందా అన్న ధోరణిలో మాట్లాడతాడు. ‘మనకి’ అంటాడు చూశారా! వంచినవాడూ విరిగినవాడూ ఒకటే అయినట్టు. గెరార్డ్ దగ్గర జవాబు లేదు. నాకైతే ఆ ప్రశ్న నన్నే అడిగినట్టు అనిపించింది. నేను వంచలేదు, విరగనూ లేదు. నేను బయట బెంచీ మీద గంటన్నర కూచుని లేచి వచ్చేసినదాన్ని.

వెనక వరసలో ఆ ప్రశ్న అడిగిన అమ్మాయీ, ఏమీ చెయ్యనివాడు ఎందుకు ఒప్పుకున్నాడో సినిమా నీకు చూపించింది. నేను చెప్పగలిగింది ఇంతే. మనిషిని ఒంటరిని చేస్తే దేన్నైనా ఒప్పుకుంటాడు. ఒంటరిని చెయ్యడానికి గోడలు చాలవు, బయటున్న మనం కూడా కావాలి. ఆ పనిలో మనం సాయం పట్టకుండా ఉందాం.

సెలవు.